పొయ్యికంటె ముందు గుళికలు

కట్టెపొయ్యికి బదులు గుళికలపొయ్యి కొనవచ్చునా యని ఐరాల ప్రాంతపు సభ్యులు కొందఱు మమ్మడుగుచున్నారు. రంపపుపొట్టును, వేరుసెనగ పొట్టును యంత్రమున నదిమి చేయు వ్రేలిలావు ముక్కలే యీ గుళికలు. కొనవచ్చుననియే మా యభిప్రాయము. కాని పొయ్యిని జూచి కాదు, గుళికలను జూచి కొనవలెను.

ఇందుకు నిదర్శనము మన దేశముననే కలదు. 2006వ సంవత్సరమున బి.పి. కంపెనీవారును బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారును గూడి చేసిన ‘ఊర్జ’ యను పొయ్యి విక్రయమునకు వచ్చెను. అందు చిన్న ఫ్యాను బ్యాటరీతో తిరుగును. సుమారు 600 గ్రాముల గుళికలు పోసినచో గంటసేపు స్వల్పమైన పొగతో మండును. మహారాష్ట్ర, కర్ణాటకాది రాష్ట్రములలో నించుమించు నాలుగులక్షల పొయ్యిలు అమ్ముడుపోయెను. పొయ్యి చెడ్డది కాదు. అయితే గుళికలకు వలసిన పొట్టునకును పిప్పికిని ఫ్యాక్టరీల గిరాకి పెరుగగా గుళికల ధర యెక్కెను. పెక్కుమంది యిల్లాండ్రు మరల కట్టెలకే పోయిరి. గుళికలు లేని యా పొయ్యి మూలబడిన యినుపడబ్బాయే గదా!

నేడు గిరాకి మఱింత పెద్దది. బొగ్గు విద్యుత్కేంద్రములలో నూటికి 5 వంతులు ఇట్టి గుళికలను గలిపి కాల్చవలెనని 2021 అక్టోబరున కేంద్ర విద్యుచ్ఛాఖవారు విధానము ప్రకటించిరి. మన వంటయిల్లు వారితో పోటీపడి కొనవలసియుండును.

ఇక గుళికల యెంపిక. రంపపుపొట్టువి శ్రేష్ఠములు; ఐరోపాలో మొదటి తరగతి గుళికలలో బూడిద నూటికి 0.7 వంతును, తేమ 10 వంతులను మించరాదు. వేరుసెనగ పొట్టున బూడిద యంతకంటె నెక్కువయైనను పనికివచ్చును. వరియూక మాత్రము వలదు. మిల్లులలో విరివిగా దొరకుననుట నిజమే, కాని దానిలో నించుమించు అయిదవవంతు బూడిదయే. అయిదు బస్తాలు కొన్నచో నొక బస్తా బూడిదకు వెల యిచ్చినట్లే. ఆ బూడిద పొయ్యి రంధ్రములను గూడ మూయును.

మంచి గుళిక నున్నగా నుండి, విఱిచినచో టప్పున విఱుగును. నీటిలో వేసినచో మునిగి, పిదప ఉబ్బి పొట్టగును. బస్తా యడుగున పొడి హెచ్చుగా నున్నను, రంగు లేక జిగురు వాసన వచ్చినను తిప్పిపంపవలెను. కార్తీకపు వానలలో బస్తాను వట్టినేలపై నుంచరాదు. చెమ్మ తగిలినచో గుళికలన్నియు పిండియే.

మన చెరకుపిప్పి బెల్లపు పొయ్యిలకే సరిపోవుచున్నది, దానిని ముట్టరాదు. వేరుసెనగ పొట్టు సంగతి వేఱు. కాయలు కొట్టించిన పిమ్మట పొట్టును మిల్లులోనే విడిచి వచ్చుచున్నాము. అది గుళికలై వచ్చినప్పుడు పరులు చెప్పిన ధరకు కొనవలయునా? గింజలనిచ్చి నూనె కూలికి ఆడించుకొనుట మనకు క్రొత్త కాదు. సంఘము సభ్యుల పొట్టును గూర్చి, యట్లే కూలికి గుళికలు చేయించుట మేలని మా తలంపు. స్వంతయంత్రము మాట యిప్పుడు వలదు. దాని యచ్చులు త్వరగా అఱుగును, కరెంటు ఖర్చును హెచ్చు.

కూలికి చేయించు యేర్పాటు కుదిరిన పిదప, మొదట స్నానపు నీళ్లకును పశువుల కుడితికిని రెండుమూడు పొయ్యిలను ఆరుబయట వాడిచూతము. గుళికలను బస్తా లెక్కన గాక తూకమున కొనవలెను. ఏడాది ధరను అమ్మువారిచే వ్రాయించుకొనవలెను. అంతవఱకు సభ్యులెవ్వరును పాతపొయ్యిని పడగొట్టవలదు.