రెడ్ అలర్ట్ వచ్చింది, ఇప్పుడేం చెయ్యాల?

పోయిన తుపానుకి నా ఫోన్‌లో రెడ్ అలర్ట్ వచ్చింది. గట్టిగా చదివి వినిపించాను. మా అవ్వ అంతా విని, "సరేమ్మా, ఇప్పుడేం చెయ్యాల? మిద్దె మీది బట్టలు తియ్యాల్నా, ఇల్లు ఇడిసి పోవాల్నా?" అంది. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తమిళం. రెండింట్లోనూ చెప్పగలను. కానీ అందులో జవాబే లేకపోతే నేను దేన్ని మార్చి చెప్పేది?

మాంట్సెరాట్ గురించి చదివినప్పుడు అవ్వ ప్రశ్నే గుర్తొచ్చింది. అది కరీబియన్ సముద్రంలో బ్రిటిష్ పాలనలో ఉన్న చిన్న దీవి. సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం పేలితే రాజధాని ప్లిమత్‌కు ముప్పని 1980లలోనే శాస్త్రవేత్తలు నివేదిక ఇచ్చారు. 1989లో హ్యూగో తుపాను దీవిని ధ్వంసం చేసింది. మళ్ళీ కట్టినప్పుడు కూడా ముఖ్యమైనవి ప్లిమత్‌లోనే కట్టారు. 1995 జులైలో కొండ రగిలింది. ఇవాళ ఆ ఊరు బూడిద కింద ఉంది.

1997 జూన్ 25న మండే బూడిద, రాళ్ళు, వాయువు కలిసి కొండ దిగి దూసుకొచ్చాయి. 19 మంది చనిపోయారు. వాళ్ళున్నది వెళ్ళొద్దన్న చోటే. "చెప్తే వినలేదు" అనెయ్యడం సులువు. నేను ఒప్పుకోను. వాళ్ళలో కొందరి పొలాలు అక్కడే ఉన్నాయి. తలదాచుకున్న చర్చిలు, బడులు ఇరుకు. వెళ్ళొద్దన్నవాళ్ళు, మరి ఎక్కడ పండించుకోవాలో కూడా చెప్పాలి కదా?

దగ్గర్లోని సెయింట్ విన్సెంట్ దీవిలో వేరేగా జరిగింది. 1902లో అక్కడి అగ్నిపర్వతం సుమారు 1,600 మందిని బలి తీసుకుంది. 2020 డిసెంబరులో మళ్ళీ లావా కనిపించింది. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వచ్చారు. వాళ్ళకు ముందున్న రిచర్డ్ రాబర్ట్‌సన్ ఆ దీవివాడే. కొండ ఏం చేస్తోందో రేడియోలో జనానికి అర్థమయ్యేలా చెప్పేవాడు. 2021 ఏప్రిల్ 8న ఖాళీ చెయ్యమన్నారు, మర్నాడే పేలింది. వేలమంది అప్పటికే బయటపడ్డారు. పేలుడు వల్ల నేరుగా ఎవరూ చనిపోలేదు.

అన్ని కొండలూ ఇంత గడువు ఇవ్వవు, నిజమే. 1976లో గ్వాడెలూప్ దీవిలో 70 వేలకు పైగా జనాన్ని నెలల తరబడి తరలిస్తే, భయపడినంత పేలుడు రానేలేదు. ప్రభుత్వాలు వెనకాడేది అందుకే. అలాంటప్పుడు "కచ్చితంగా తెలీదు, అయినా వెళ్ళడమే మేలు, ఇందుకు" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. తెలిసినవాళ్ళ నోట, ఇంటి భాషలో వింటే జనం నమ్ముతారు.

మనకు అగ్నిపర్వతం లేదు, తుపాను ఉంది. క్లాసులో అనువాదం చేస్తున్నాం కదా, ఈ వానలకు ముందు ఒక పని చేద్దాం. ఎవరు ఇల్లు వదలాలి, ఎప్పుడు, ఎక్కడికి పోవాలి, అక్కడ అన్నం, నీళ్ళు ఉంటాయా: మన వీధులకు సంబంధించి ఇవి అధికారులను అడిగి తెలుసుకుని, తెలుగులో, తమిళంలో రాసి ఈ గోడ మీదే పెడదాం. మొదటి కాపీ మా అవ్వకు.