సముద్రం లేని ఊరి కెరటాలు

గ్యారేజ్ రాక్ అనగానే సంగీతజ్ఞానం గల మిత్రులు ముఖం చిట్లిస్తారు. శ్రుతి కుదరదు, మాట తెలియదు, ప్రతిదీ ఎక్కడో విన్నట్టే ఉంటుంది అన్నది వారి అభియోగం. దానికి సర్ఫ్ గిటారు, పవర్ పాప్ పల్లవి తోడైతే ఇక చెప్పనక్కరలేదు. “ఎరువుల సొమ్ము బరువుల చేటు” అని సామెత విసిరి లేచిపోతారు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది.

ట్రాష్‌మెన్ బృందాన్నే చూడండి. వీరిది మినియాపొలిస్. సముద్రతీరం అక్కడికి వందల మైళ్ళ దూరం. కాలిఫోర్నియా అలల సంగీతాన్ని ఈ మంచుసీమ యువకులు ఎత్తుకున్నారు. గారెట్ అనే చిన్న స్థానిక కంపెనీ 1963లో విడుదల చేసిన వీరి ‘సర్ఫిన్ బర్డ్’, మరుసటి ఏడు బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి ఎగబాకింది. సముద్రం లేనివాడికి కెరటం మీద హక్కు లేదంటే, ఈ పాటను ఏం చేద్దాం?

పోర్ట్‌లాండ్‌కు చెందిన కింగ్స్‌మెన్ అదే 1963లో ‘లూయీ లూయీ’ రికార్డు చేశారు. గిటారు వాయింపు ముగిశాక గాయకుడు ముందుగానే అందుకుని, నాలుక కరచుకుని ఆగిపోవడం నేటికీ అందులో వినబడుతుంది. ఆ తప్పును ఎవరూ దిద్దలేదు. బూతులున్నాయన్న అనుమానంతో ఎఫ్.బి.ఐ. విచారణ జరిపి, ఏ వేగంతో తిప్పినా మాటలు అర్థం కావని తేల్చింది. మోటుదనం పాటను చంపలేదు సరికదా, 2వ స్థానం దాకా మోసుకెళ్ళింది. ఆ మోటుదనానికే తియ్యని పల్లవి జతచేసి, 1976లో ఫ్లేమిన్ గ్రూవీస్ ‘షేక్ సమ్ యాక్షన్’ వెలువరించారు. అనుకరణతో మొదలుకావడం నేరమైతే, నేర్చుకోవడమే నేరం.

అయితే అసలు నేరం వేరే ఉంది. విమర్శకుల చూపు అక్కడికి పోదు. ‘సర్ఫిన్ బర్డ్’ నల్లజాతి గాయకులైన రివింగ్టన్స్ పాటలు రెండింటిని అతికినది. రచయితలుగా వారి పేర్లు చేరడానికి న్యాయవాదుల బెదిరింపు అవసరమైంది. ‘లూయీ లూయీ’ రాసిన రిచర్డ్ బెర్రీ, మరికొన్ని పాటలతో కలిపి దాని హక్కులను 750 డాలర్లకు అమ్ముకున్నాడు. పాట ప్రపంచమంతా తిరిగింది. అతనికి చెప్పుకోదగ్గ సొమ్ము దక్కింది 1980లలోనే.

సొంత డబ్బుతో రికార్డు వేసుకునే చిన్న బృందాన్ని “అరువు గొంతు” అని వెక్కిరించేవారు, ఈ ఒప్పందాల గురించి ఒక్క వాక్యమైనా రాశారా? నా మటుకు నాకు, బాణీ చేబదులు తెచ్చుకోవడం తప్పు కాదు. ఇచ్చినవాడి పేరు చెప్పకపోవడమూ, బాకీ ఎగ్గొట్టడమూ తప్పు. తూచవలసింది శ్రుతినా, ఈ బాకీనా? మీరే చెప్పండి.