జోనంగికి కావాల్సింది రేటు కాదు, పని

పోయిన నెల మా మకాం దగ్గర బాతుల వీడియో పెట్టాక చాలా ఫోన్లు వచ్చాయి. అందులో సగం బాతుల గురించి కాదు. మంద వెనకాల గట్టు మీద నడుస్తున్న ఆ గోధుమరంగు కుక్క గురించి. "ఏ జాతండి అది? పిల్లలున్నాయా? ఎంతకిస్తారు?" ఒకాయనైతే, "మాది అపార్ట్‌మెంటండి, దాంట్లోనే టాయ్ సైజు ఏమన్నా తయారు చేసి ఇవ్వగలరా, రేటు ఎంతైనా పర్లేదు" అన్నారు.

ఆ రోజు చేలో పనుండి ఆయనకి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

అది జోనంగి. విదేశాల్నుంచి వచ్చింది కాదు, మన కుక్కే. తణుకు నుంచి అత్తిలి, భీమవరం, ఉండి మీదుగా ఆకివీడు దాటితే కొల్లేరు వస్తుంది కదా, ఆ చుట్టుపక్కల బాతులు కాసేవాళ్ళ దగ్గర ఉండేది. ఒంటికి అంటుకుపోయినట్టుండే పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, వంపు తిరిగిన తోక. మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు కూస్తుంది. నేలలో గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది. కొత్తవాళ్ళు చూస్తే "ఇదేంటండి, వీధికుక్కేగా" అంటారు. ఆ మాటే దాని కొంప ముంచింది.

కోతలయ్యాక బాతుల మందని చేలల్లో దింపితే రాలిన గింజ, నత్తలు, పురుగులు ఏరుకు తింటాయి. మందని చెదరకుండా తోలడం, పొద్దుగూకే వేళకి దొడ్డికి చేర్చడం ఈ కుక్క పని. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు తవ్వాక బాతుల మందలు తగ్గాయి. పని పోయిన కుక్కకి ముద్ద కూడా పోయింది. ఊళ్ళ మీద పడి వీధికుక్కల్లో కలిసిపోయాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టించారు. గట్లయితే కొట్టించగలిగారు గానీ, పోయిన కుక్కల్ని ఏ జీవో వెనక్కి తీసుకురాలేదు.

అందుకే నేననేది ఏంటంటే, ఈ జాతి పోయింది రేటు లేక కాదు, పని లేక. మళ్ళీ నిలబడాలన్నా పని వల్లే నిలబడాలి. రేటు పెంచి నిలబెడదామంటే మిగిలేది దాని బొమ్మే.

ఇది ఊరికే అనడం లేదు. 2003లో ఒక ఫోన్ ప్రకటనలో పగ్ కుక్క కనిపించింది, గుర్తుందా? మన తణుకులో కూడా అందరూ దాన్ని "హచ్ కుక్క" అనేవారు. ముక్కు ఎంత లోపలికి ఉంటే అంత ముద్దు అనుకుని పెంచారు, కొన్నారు. ఆ చప్పిడి ముక్కుతో దానికి ఊపిరి సరిగా ఆడదు. మన వేసవిలో మధ్యాహ్నం నాలుగు అడుగులు వేస్తే రొప్పుతుంది. చూడటానికని పెంచిన జాతి కదా, ఒళ్ళు ఏమైపోయినా కొనేవాడికి పట్టలేదు.

కుక్కలనే కాదు, పుంగనూరు ఆవు సంగతి చూడండి. చిత్తూరు మెట్టలో కాస్త మేతతో బతికే పొట్టి ఆవు. దాని పొట్టితనం ఆ నేల ఇచ్చింది. ఇప్పుడేమో ఎంత పొట్టిదైతే అంత రేటు, హాల్లో సోఫా పక్కన నిలబెట్టి ఫొటో. ఆవుని బొమ్మ చేశాక ఇప్పుడు జోనంగిని కూడా టాయ్ సైజు చేయమంటున్నారు. చేయొచ్చండి, కష్టమేం కాదు. ప్రతి ఈతలో గిడసబారిన పిల్లల్ని ఏరి, వాటిని వాటితోనే కలుపుకుంటూ పోతే కొన్ని తరాలకి చిన్నదవుతుంది. దాంతోపాటు జబ్బులూ పోగవుతాయి. అది గట్టు మీద నాలుగు మైళ్ళు నడిచే కుక్క మాత్రం కాదు.

ఇక "ప్యూర్ బ్రీడ్" అనే మాట. దగ్గర రక్తం కలిపితే స్వచ్ఛత వస్తుందని చాలామంది అనుకుంటారు. డిప్లొమాలో మాకు చెప్పిన లెక్క ఒకటుంది. మన ఇళ్ళల్లో వరసలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. మేనరికంలో పుట్టిన బిడ్డకి ఇన్‌బ్రీడింగ్ 6.25 శాతం. మేనమామని చేసుకుంటే 12.5. కుక్కల్లో ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ కలిస్తే ఒక్క దెబ్బకి 25. రెండు కుక్కలు తెచ్చుకుని, వాటి పిల్లల్ని వాటితోనే కలుపుతూ "జాతిని కాపాడుతున్నా" అంటే, కాపాడుతున్నది జబ్బుల్ని.

మన జోనంగిలాగే మొరగకుండా రాగం తీసే కుక్క ఆఫ్రికాలో ఒకటుంది, బసెంజీ. కాంగో అడవుల్లో వేటకి వాడేవారు. అమెరికా వాళ్ళు కొద్ది కుక్కలు తీసుకెళ్ళి వాటి సంతతినే స్వచ్ఛమైనదని పుస్తకంలో రాసుకున్నారు. తరాలు గడిచేసరికి వాటిలో వంశపారంపర్యంగా కిడ్నీ జబ్బు ముదిరింది. చివరికి 1990లో ఆ మూసేసిన పుస్తకమే తెరిచి, ఆఫ్రికా నుంచి తెచ్చిన కొత్త కుక్కల్ని చేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి అడగడానికి ఆఫ్రికాలో పల్లెలున్నాయి, అక్కడింకా పనిచేసే కుక్కలున్నాయి. రేపు మన జోనంగికి అవసరమైతే ఎక్కడికి వెళ్ళి అడగాలి? ఆకివీడు, కైకలూరు పక్క పల్లెల్లో ఎవరింటి ముందో ఈ రోజు పడుకున్న ఆ ఒక్క కుక్కనే.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. నాకు మొదటి జత ఇచ్చింది ఆకివీడు పక్క ఒక పెద్దాయన. జీవితమంతా బాతులు కాసిన మనిషి. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఆడ, మగ చూసి ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు. "కట్టేసి పెంచితే ఇది దండగ బాబూ. మందతో తిప్పు. లేదంటే తీసుకెళ్ళకు" అన్నాడు. తొలి ఈతలో ఆరు పిల్లలు. నేను ప్రకృతి వ్యవసాయం చేసేవాణ్ణి కదా, "నాటు రక్తం, దీనికి టీకాలెందుకు" అనుకున్నాను. ఏడో వారంలో ఒకదానికి వాంతులు, మర్నాటికి మూడింటికి రక్తంతో విరేచనాలు. పసుపు, మజ్జిగ అంటూ ఒకటిన్నర రోజు నేనే వైద్యం చేశాను. పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళేసరికి బాగా నీరసించిపోయాయి. పార్వో. సెలైన్లు పెట్టినా నాలుగు పోయాయి. "మొదటి రోజే తెచ్చుంటే బావుండేదండి" అన్నారాయన. ఆ నాలుగింటినీ కొబ్బరిచెట్ల కింద పూడ్చాను. ఈ రోజుకీ అటు నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు గుర్తొస్తుంది.

కాబట్టి సోదరులారా, జీవామృతం నేలకి. పార్వో వైరస్‌కి టీకానే. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు వచ్చేదాకా. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటా డాక్టరు చెప్పినట్టు. ఇందులో మొహమాటం వద్దు.

ఇప్పుడు మా దగ్గర ఈ కుక్కలు చేసే పని చెప్తాను. సార్వా కోతయ్యాక బాతులతో తిరుగుతాయి. మిగతా రోజుల్లో గట్ల మీద పందికొక్కుల బొరియలు పట్టుకుంటాయి. గట్టుకి బొక్క పడితే రాత్రికి రాత్రే మడిలో నీరు ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. మందు ఎర పెట్టకుండా ఆ పని అవుతోందంటే మనలాంటి రైతుకి అంతకంటే ఏం కావాలి? ఒక జాగ్రత్త, పక్క చేలో జింక్ ఫాస్ఫైడ్ పెట్టారేమో ముందే అడగండి. మందు తిని చచ్చిన ఎలుకని కుక్క తింటే ప్రమాదం.

"రేటు లేకపోతే ఎవరు పెంచుతారయ్యా" అని మా బాబాయ్ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. నేనూ బియ్యం, గుడ్లు అమ్ముకునే బతుకుతున్నాను, డబ్బు చెడ్డదనను. టీకాల ఖర్చు, తిండి ఖర్చు తీసుకోవడం తప్పు కాదు. కుక్కపిల్లల అమ్మకానికి 2017 నుంచి కేంద్రం నిబంధనలు ఉన్నాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అవి పాటించి అమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ జాతి అంతా పట్నం గేట్ల లోపలికి వెళ్ళిపోతే, రెండు తరాల్లో అది మందని తోలడం మర్చిపోతుంది. అప్పుడు మిగిలేది ముడతల నుదురు, ఖరీదైన పేరు.

మా పద్ధతి ఇది. పిల్లని బాతులో, కోళ్ళో, మేకలో, చేనో ఉన్నవాళ్ళకే ఇస్తాం. టీకా ఖర్చు మాత్రమే. వాళ్ళింట ఈతయితే అందులో ఒక పిల్లని ఇంకో రైతుకి ఇవ్వాలి. ఒక నోటుబుక్కులో తల్లి ఎక్కడిది, తండ్రి ఎక్కడిది, ఏ పని చేసింది, ఏ జబ్బుతో పోయింది, అన్నీ రాస్తాం. పోయిన ఆ నాలుగు పిల్లలూ మొదటి పేజీలోనే ఉన్నాయి.

మీ ఊళ్ళో ఇలాంటి కుక్క ఉంటే కొనకండి, దాని యజమానిని మాట్లాడించండి. ఎన్ని తరాలుగా ఉంది, ఏ పని చేస్తుంది, తోబుట్టువులు ఎవరింట ఉన్నాయి, ఇవి రాసి పంపండి. రెండు పక్కల నుంచి ఫొటో తీయండి. ఆ రాత లేకుండా మన దగ్గర జాతి ఉందని చెప్పుకోలేం.

అపార్ట్‌మెంట్ అన్నయ్యగారికి చివరిగా ఒక మాట. ఇంట్లో తోడు కావాలంటే మీ వీధిలోనే ఒక పిల్ల దొరుకుతుంది, టీకాలు వేయించి పెంచండి, ప్రాణమిస్తుంది. జోనంగిని చూడాలనిపిస్తే పిల్లల్ని తీసుకుని దాళ్వా ఊడ్పుల ముందు మా మకాంకి రండి. సాయంత్రం అయిదింటికి అది బాతుల్ని ఇంటికి తోలుకొస్తుంది. అప్పుడు మీరే చెప్పండి, దాన్ని చిన్నది చేయాలో వద్దో.