దోషం లిపిది కాదు, పుట కట్టినవారిది



బడి కంప్యూటరులో ముచ్చటగా కనబడిన తెలుగు పాఠాన్ని ఇంట్లో ఫోనుమీద తెరిస్తే వత్తులు సగానికి తెగి, శీర్షికలోని అక్షరాలు విడివడి, వరుసలు ఒకదానిపై ఒకటి ఎక్కి కనబడటం మనలో చాలామందికి అనుభవమే. దీనికి మన మధ్య వినవచ్చే సమాధానాలు రెండు. "ఈ పుటను ఫలానా బ్రౌజరులోనే చూడగలరు" అన్నది మొదటిది. "తెలుగు కంప్యూటరులో ఇమడదు, పాఠాన్ని బొమ్మగా పెట్టేస్తే సరి" అన్నది రెండవది. రెండూ బాధ్యతను తప్పించుకొనే మాటలే.

మొదటి మాటకు ఒకప్పుడు కారణం ఉన్నది. 1990ల చివర అంతర్జాలంలోని తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వారివిగా వెలువడేవి. రోమను అక్షరాల సంకేతస్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చేవారు కనుక, ఆ ఫాంటును దించుకొనలేని బ్రౌజరులో అర్థంలేని గుర్తులే కనబడేవి. యూనికోడులో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆనాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు కూడ 2022 జూనులో మైక్రోసాఫ్టు స్వస్తి చెప్పింది. కారణం పోయినా సాకు మాత్రం మిగిలింది.

నేటి తేడాలకు మూలం వేరు. తెలుగు ఫాంటు ఏదో పుటలో చెప్పకపోతే, ప్రతి పరికరమూ తన దగ్గరున్నదానిని తీసుకొంటుంది. కొత్త విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో, ఆపిల్ పరికరాలలో కోహినూర్. వీటి ఎత్తులు, లోతులు సమానం కావు. మన లిపిలో గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటలలో రెండేసి వత్తులు. ఇంగ్లీషు కొలతతో వరుస ఎత్తును పిక్సెళ్ళలో బిగించి, పెట్టె దాటినదానిని దాచివేయమని సీఎస్ఎస్‌లో వ్రాస్తే, ఒక ఫాంటులో పట్టిన వత్తు మరొక ఫాంటులో తెగిపోతుంది.

హోసూరు ప్రాంతపు బడులవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. తమిళంలో పుల్లిని పైన ఉంచి హల్లులను పక్కపక్కనే వ్రాస్తారు. మనవలె వత్తులు కిందికి వ్రేలాడవు. కనుక అదే అచ్చులో తమిళ శీర్షిక నిండుగా నిలుస్తుంది, దాని కింది తెలుగు శీర్షిక కురచవుతుంది. చూచినవారు లోపం తెలుగుదే అనుకొంటారు. లోపం అచ్చుది.

అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగు కథా ఇంతే. సంయుక్తాక్షరాన్ని విడదీయక ఒకే అక్షరంగా లెక్కించాలనే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో, యూనికోడు 15.1 కూర్పులో చేరింది. అందువలన పాత బ్రౌజరు ఒక చోట, కొత్తది మరొక చోట అక్షరాన్ని విరవవచ్చును. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ" గుణింతానికి చెందిన ఒక అక్షరక్రమం ఐఫోన్లలో అనువర్తనాలను కూల్చివేసింది. తెలుగు అక్షరం ఫోనును పాడుచేసిందని లోకం చెప్పుకొన్నది. ఆ నెలలోనే ఆపిల్ 11.2.6 కూర్పుతో సరిదిద్దింది. మారినది సాఫ్టువేరు, మన అక్షరం కాదు.

ఇక బొమ్మల సంగతి. బొమ్మలోని పాఠంలో మాటను వెదకలేము, నకలు తీసి నిఘంటువులో చూడలేము. పెద్దది చేస్తే వరుసలు తెర దాటిపోతాయి. చూపులేని బిడ్డకు చదివి వినిపించే సాధనం దానిని పాఠంగా గుర్తించదు. అది తెలుగును కాపాడటం కాదు, అద్దాల పెట్టెలో బంధించటం.

చేయవలసినది స్వల్పం. పుట మొదట డాక్‌టైప్ ఉండాలి. లేకుంటే బ్రౌజరు పాతకాలపు పద్ధతిలోకి జారుతుంది. యూటీఎఫ్-8 అని, భాష తెలుగు అని ప్రకటించాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంటును పుటతోనే పంపాలి. వరుస ఎత్తును ప్రమాణం లేని సంఖ్యగా, 1.7 వంటిదిగా ఇవ్వాలి. పెట్టెలకు స్థిరమైన ఎత్తు, తెలుగుకు లెటర్-స్పేసింగు, వాలు అక్షరాలు వద్దు. అప్పటికీ తేడా ఉంటే సీఎస్ఎస్‌ను పూర్తిగా తీసివేసి చూడండి. సరిగా కనబడితే ఒక్కొక్క నియమాన్నే తిరిగి చేర్చండి. ఎక్కడ చెడుతుందో అదే దోషి.

ఇది అలంకారాల తగవు కాదు. వత్తు తెగితే "గద్ద" "గద" అవుతుంది, "కల్ల" "కల" అవుతుంది. రాయగడలోనో షోలాపూరులోనో వీధి బోర్డులు వేరే లిపిలో చూస్తూ పెరిగే బిడ్డకు సరిదిద్దే మరొక తెలుగు పుట అందుబాటులో ఉండకపోవచ్చును. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చూపి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమని ప్రభుత్వాలను అడుగుతున్నాము. అడగవలసినదే. ఈ పనికి మాత్రం అర్జీ, మంజూరు, జీవో ఏదీ అక్కరలేదు. మీ పాఠపు పుటను ఈ వారమే క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, సఫారిలో, ఒక తల్లి వాడే పాత ఫోనులో తెరిచి "స్వాతంత్ర్యం", "లక్ష్మి" అన్న మాటలను చూడండి. తెగిన చోట మీరే సరిదిద్దండి.