విమానం రద్దయితే చంటిపిల్లలతో ఉన్నవారికి దక్కేదేమిటి? అడగాల్సిందేమిటి?

తిరువూరు నుంచి గన్నవరం విమానాశ్రయానికి కారులో దాదాపు రెండు గంటల దారి. ఉదయం విమానమైతే తెల్లవారుజామున మూడింటికే ఇంట్లో లైట్లు వెలుగుతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన కూతురు ఐదో నెలలో బిడ్డను తీసుకుని భర్త దగ్గరకు బయల్దేరుతుంది. పక్కన మూడేళ్ల పెద్దబిడ్డ, సాయానికి అమ్మమ్మ. కారు మైలవరమో, నూజివీడో దాటేసరికి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: ‘మీ విమానం రద్దయింది’.

ఇది ఊహించిన సన్నివేశమే. కానీ 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతటా వేల కుటుంబాలకు ఇలాంటిదే ఎదురైంది. అలాంటప్పుడు ఎయిర్‌లైన్ ఏమివ్వాలి? పసిపిల్లలుంటే అదనంగా ఏమైనా హక్కు ఉందా? తిరువూరు లాంటి ఊరి నుంచి ఫిర్యాదు ఎలా చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

డిసెంబర్‌లో ఏం జరిగింది?

పైలట్ల పని గంటలు, విశ్రాంతిపై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) కొత్త నిబంధనలను 2024 జనవరిలోనే ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి వేళ ల్యాండింగ్‌ల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది. ఇవి రెండు విడతల్లో, 2025 జులై 1న, నవంబర్ 1న అమల్లోకి వచ్చాయి. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోసే ఇండిగో దీనికి తగినట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోలేకపోయింది. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. డీజీసీఏ లెక్క ప్రకారం డిసెంబర్ 3 నుంచి 5 వరకు 2,507 విమానాలు రద్దయ్యాయి. మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు విమానాశ్రయాల్లో చిక్కుకున్నారు.

మిగతా కంపెనీల టికెట్ల ధరలు కొండెక్కడంతో కేంద్రం తాత్కాలికంగా గరిష్ఠ ధరలు పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, వెయ్యి లోపు రూ.12,000, 1,500 లోపు రూ.15,000, ఆపైన రూ.18,000. రీఫండ్లు డిసెంబర్ 7 రాత్రి 8 గంటలకల్లా పూర్తి చేయాలని, ప్రయాణికులకు దూరమైన బ్యాగులను 48 గంటల్లో చేర్చాలని ఆదేశించింది. తర్వాత 2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకు రూ.22.20 కోట్ల జరిమానా వేసింది. అయితే ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది. ప్రయాణికుడికి రావాల్సిన పరిహారం వేరు, దాన్ని ప్రయాణికుడే అడగాలి.

రద్దయితే ఏమివ్వాలి?

దీనికి డీజీసీఏ నిబంధన స్పష్టంగానే ఉంది. రద్దు సంగతి కనీసం రెండు వారాల ముందు చెబితే, ప్రయాణికుడి ఇష్టాన్ని బట్టి మరో విమానం ఏర్పాటు చేయాలి లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. రెండు వారాల లోపు, 24 గంటల ముందు వరకు చెప్పినా ఇదే వర్తిస్తుంది.

ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే రీఫండ్‌తో పాటు పరిహారమూ ఇవ్వాలి. ప్రయాణ సమయం గంట లోపు ఉంటే రూ.5,000, గంట నుంచి రెండు గంటలైతే రూ.7,500, రెండు గంటలు దాటితే రూ.10,000. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఉంది. ఈ మొత్తం, లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. అంటే మీ టికెట్‌లో బేసిక్, ఇంధన ఛార్జీలు కలిపి రూ.3,200 ఉంటే, పరిహారం రూ.3,200 దగ్గరే ఆగుతుంది.

రెండు సందర్భాల్లో పరిహారం రాదు. ఒకటి: తుపాను, వరద, అల్లర్లు, భద్రతా ముప్పు లాంటి అసాధారణ కారణాలు. డిసెంబర్ నెలాఖరు, జనవరిలో ఢిల్లీలో పొగమంచు వల్ల ఆగిపోయిన విమానాలు సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి. రెండోది: టికెట్ తీసుకున్నప్పుడు ప్రయాణికుడిని చేరుకునే ఫోన్ నంబర్, ఈమెయిల్ ఇవ్వకపోవడం.

మన ఊళ్లకు ఈ రెండోదే ప్రమాదం. తిరువూరు, విస్సన్నపేట లాంటి చోట్ల పెద్దవాళ్ల టికెట్ ఏజెంట్ తీస్తాడు, లేదా ఎక్కడో ఉన్న అల్లుడు తీస్తాడు. టికెట్‌పై ఏజెంట్ నంబరే ఉంటుంది. ముందు రోజు రాత్రి రద్దు మెసేజ్ ఆ ఫోన్‌కు వెళ్తుంది. అమ్మాయి మాత్రం తెల్లవారుజామున పిల్లలతో బయల్దేరుతుంది. ఎయిర్‌లైన్ లెక్కలో ‘సమాచారం ఇచ్చాం’ అని ఉంటుంది. అందుకే ఎవరు టికెట్ తీసినా, ప్రయాణించేవారి నంబర్ అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఏజెంట్ ద్వారా తీసుకున్న టికెట్‌కైనా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ‘ఏజెంట్‌ను అడగండి’ అని పంపేస్తే ఆ మాట నిబంధనకు విరుద్ధం. రీఫండ్‌ను డబ్బుగా తీసుకోవాలా, భవిష్యత్ ప్రయాణానికి క్రెడిట్‌గా ఉంచుకోవాలా అన్నది కూడా ప్రయాణికుడి ఇష్టం.

ఆలస్యమైతే?

రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం దాటితే భోజనం లేదా అల్పాహారం ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటలు, అంతకు మించిన వాటికి నాలుగు గంటలు. ఆలస్యం ఆరు గంటలు దాటేలా ఉంటే మరో విమానమో, పూర్తి రీఫండో ఇవ్వాలి. 24 గంటలు దాటితే హోటల్ గది ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయల్దేరాల్సిన విమానమైతే ఆరు గంటల ఆలస్యానికే గది ఇవ్వాలి. శంషాబాద్ నుంచి అర్ధరాత్రి విమానం పట్టుకునే కుటుంబాలకు ఇది ముఖ్యం.

మరి పిల్లల సంగతి?

ఇక్కడే నిబంధనకూ జీవితానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. పై గంటల లెక్క పెద్దలకూ, ఐదు నెలల బిడ్డకూ ఒకటే. పెద్దవాళ్లు రెండు గంటలు ఆగగలరు, బిడ్డ పాల కోసం ఆగదు. ‘భోజనం, అల్పాహారం’ అన్న మాటలో పోతపాలకు వేడినీళ్లు, మెత్తటి అన్నం వస్తాయా అన్నది కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగి మంచితనం మీద ఆధారపడుతోంది. చెక్ఇన్ బ్యాగు లోపలికి వెళ్లిపోయాక విమానం రద్దయితే, డైపర్లూ పాలడబ్బా దానితోనే పోతాయి. డిసెంబర్‌లో బ్యాగులు రోజుల తరబడి దొరకనివాళ్లలో పిల్లలున్న కుటుంబాలు పడ్డ పాట్లు ఎలాంటివో ఊహించడం కష్టం కాదు.

పిల్లల విషయంలో ఖాయంగా ఉన్న రక్షణ ఒకటి ఉంది. 12 ఏళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఇందులో కీలకమైన మాట ‘అదే పీఎన్ఆర్’. తల్లిదండ్రుల టికెట్లు ఒకచోట, పెద్దబిడ్డ టికెట్ మరోచోట తీసుకుంటే ఈ ఆదేశం పనిచేయదు. రద్దు తర్వాత మరో విమానంలోకి మార్చేటప్పుడు ఇద్దరూ వేర్వేరు విమానాల్లో పడే ప్రమాదమూ ఉంది.

రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు. అయితే ఒక పెద్దకు ఒడిలో ఒక్క బిడ్డే. కవలలతో తల్లి ఒంటరిగా వెళ్తుంటే రెండో బిడ్డకు సీటు కొనాలి, బిడ్డను కూర్చోబెట్టే పద్ధతి ఎయిర్‌లైన్‌తో ముందే మాట్లాడుకోవాలి. తోడు రావాల్సిన అమ్మమ్మకు కొత్త విమానంలో సీటు దొరకకపోతే, ఇద్దరు చంటిపిల్లలున్న తల్లి ఎక్కలేదు. కాబట్టి మార్పు టికెట్ చేతికి రాగానే మూడు చూడాలి: అందరి పేర్లూ ఉన్నాయా, ఒడిలో బిడ్డ పేరు కొత్త టికెట్‌కు చేరిందా, సీట్లు పక్కపక్కనే వచ్చాయా.

బిడ్డ వయసుకు రుజువుగా జనన ధ్రువపత్రం ఫోన్‌లో కాకుండా కాగితం మీద కూడా ఉంచుకోవాలి. ప్రయాణానికి సరిపడా బిడ్డ పాలు, ఆహారం భద్రతా తనిఖీలో అనుమతిస్తారు. అందువల్ల ఒక పూటకు కాదు, ఒక రోజుకు సరిపడా పాలు, డైపర్లు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. రద్దు అయ్యాక బ్యాగు కోసం చేసే నిరీక్షణలో ఈ సంచే ఆధారం.

రెండు టికెట్ల ప్రయాణంలో చిక్కు

గన్నవరం నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా అమెరికాకు మరో టికెట్ తీసుకునేవారున్నారు. కొంత డబ్బు మిగులుతుంది. కానీ మొదటి విమానం రద్దయితే రెండో ఎయిర్‌లైన్‌కు సంబంధం లేదు. దాని లెక్కలో మీరు ‘రాని ప్రయాణికులు’. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే గమ్యానికి చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌పై ఉంటుంది. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసినప్పుడు దోహా మీదుగా వెళ్లే ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అలాంటి రోజున ఈ తేడాయే కుటుంబాన్ని కాపాడుతుంది, లేదా ముంచుతుంది. చంటిపిల్లలుంటే గన్నవరం విమానం బదులు ముందు రోజే రోడ్డు దారిన శంషాబాద్ చేరుకోవడం కొందరికి మంచి ఉపాయం.

దేశీయ ప్రయాణమైతే రైలును మరవకూడదు. తిరువూరుకు రైలు లేకపోయినా విజయవాడ నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లకు రైళ్లున్నాయి. ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. రీఫండ్ అడిగి రైలెక్కడమా, రేపటి విమానానికి ఆగడమా అన్నది వెంటనే తేల్చుకోవాలి.

ఫిర్యాదు ఎక్కడ?

మొదట ఎయిర్‌లైన్‌కే రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో రాయాలి. పీఎన్ఆర్, రద్దు మెసేజ్ వచ్చిన సమయం, మీరు కోరేది స్పష్టంగా ఉండాలి. కౌంటర్ దగ్గర రద్దు లేదా ఆలస్యం గురించి కాగితం ఇమ్మని అడగాలి. కారు కిరాయి, హోటల్, భోజనం, కొత్త టికెట్ రసీదులు దాచాలి. జవాబు రాకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’ పోర్టల్ లేదా యాప్‌లో నమోదు చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక ఎయిర్‌లైన్ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అంటే తిరువూరు వాసి విజయవాడలోని జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. డీజీసీఏ నిబంధనలో లేని కారు కిరాయి, పిల్లలతో పడిన ఇబ్బంది లాంటివి అడగడానికి దారి ఇదే. దక్కేదెంతో కమిషన్ తేలుస్తుంది, రసీదులు లేకపోతే మాత్రం వాదన నిలవదు.

మారాల్సిందేమిటి?

పిల్లల పక్కన సీటు ఇవ్వాలన్న 2024 ఆదేశం ఒక చిన్న కాగితం. అయినా ఎన్నో కుటుంబాలకు ఊరట ఇచ్చింది. అలాంటిదే మరొకటి కావాలి: విమానం రద్దయినప్పుడు రెండేళ్ల లోపు పిల్లలున్నవారికి మొదట మార్పు టికెట్, మొదట బ్యాగు, గంటలతో పనిలేకుండా వేడినీళ్లు, పాలు. పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే. పురుటికి వచ్చిన కూతురు బిడ్డతో తిరిగి వెళ్లే ప్రయాణం ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ ఆదేశం వచ్చేదాకా చేతి సంచిలో ఒక రోజు పాలు, టికెట్‌లో సొంత ఫోన్ నంబర్, అందరికీ ఒకే పీఎన్ఆర్. ఇవి మన చేతిలో ఉన్నవి.