మావయ్య బోటుకి రాడార్ పెట్టాలా?

మా బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే టీవీ రిమోట్ నుంచి ఆధార్ లింకు దాకా అన్నీ బాగుచేసేవాడని లెక్క. కాబట్టి ఈ మే నెలలో అచ్యుతాపురం వచ్చినప్పుడు మా మావయ్య ఓ కొటేషన్ కాగితం చేతిలో పెట్టి, "అల్లుడూ, బోటుకి రాడార్ ఎట్టిద్దామనుకుంటన్నాను. జీపీఎస్ మేపు మీదే ఓడలు కనపడిపోతాయంట. నువ్వు సూసి సెప్పు" అంటే నేనేం ఆశ్చర్యపోలేదు. నేను బ్యాంకుల కోసం జావాలో కోడ్ రాస్తాను. రాడార్ గురించి నాకు తెలిసింది బీటెక్‌లో పరీక్ష ముందు రాత్రి చదివింది మాత్రమే. ఆ మాట చెప్పినా వినలేదు.

మావయ్యది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉండే మరబోటు, పదిహేను మీటర్ల లోపు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, బోటుకి ఏ పని చేయించాలన్నా ఈ రెండు నెలల్లోనే. రంగులు, ఇంజను పని, వలల బాగుసేత అన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో ఈ రాడార్. మిగిలిన డబ్బు అంటే నిజానికి లేదు, అత్త గాజులున్నాయి. కొటేషన్ నాలుగు లక్షల చిల్లర.

ఇంత హఠాత్తుగా రాడార్ ఎందుకంటే, పోయిన నవంబర్‌లో ఒక రాత్రి. గంగవరం పోర్టుకి దక్షిణాన, మా పూడిమడక తీరానికి ఎదురుగా, బాగా లోపల వల లాగుతున్నారు. సన్నగా వాన. డ్రైవర్ బాబాయ్‌కి ముందు తెల్లదీపాలు కనిపించాయి, ఏదో దూరపు ఓడలే అనుకున్నాడు. కాసేపటికి వాటి కింద ఎరుపు, పచ్చ దీపాలు రెండూ ఒకేసారి కనిపించాయి. ఓడకి ఎడమవైపు ఎరుపు, కుడివైపు పచ్చ ఉంటాయి. రెండూ కనిపిస్తున్నాయంటే అది నేరుగా మన మీదికే వస్తున్నట్టు. వల ఎత్తే టైము లేదు. వించి బ్రేకు వదిలేసి, వైరుతో సహా వల సముద్రంలో పారేసి, ఇంజను ఫుల్లు చేసి తప్పుకున్నారు. ఆ ఓడలో వాళ్లకి ఇలాంటిదొకటి జరిగిందని కూడా తెలిసుండదు.

అందరూ ఇలా తప్పించుకోలేదు. 2021 ఏప్రిల్ 13 వేకువన మంగళూరు దూరంలో ఒక కంటైనర్ ఓడ, రబా అనే చేపల బోటు ఢీకొన్నాయి. 14 మందిలో ఇద్దరినే ప్రాణాలతో కాపాడగలిగారు. మావయ్య ఆ వార్త ఫోన్‌లో దాచుకున్నాడు.

సరే, కొటేషన్ చూశా. అందులో ఉన్నది ఉత్త రాడార్ కాదు, 'రాడార్ ఓవర్‌లే'. బోటులో చార్ట్‌ప్లాటర్ ఉంటుంది, మనవాళ్లు జీపీఎస్ అనే అంటారు. దాని మీద తీరం, లోతులు, పాత ట్రాకులు, వల చిరిగే చోట్ల గుర్తులు ఉంటాయి. రాడార్ చుట్టూ తిరుగుతూ రేడియో తరంగం పంపి, తిరిగొచ్చిన దాన్ని మరకలుగా చూపిస్తుంది. ఓవర్‌లే అంటే ఈ మరకల్ని ట్రేసింగ్ కాగితంలా ఆ మ్యాపు మీద పరచడం. మరక మ్యాపులోని బ్రేక్‌వాటర్ మీద పడితే అది బ్రేక్‌వాటర్. మ్యాపులో ఏమీ లేనిచోట పడితే అది ఓడో, బోటో. రెండు స్క్రీన్లు చూసి బుర్రలో కలుపుకునే పని తప్పుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. నాకూ నచ్చింది. ఆ సాయంత్రం "పెట్టించేద్దాం మావయ్యా" అనే చెప్పా.

రాత్రి మాన్యువల్స్ డౌన్‌లోడ్ చేసి చదువుతుంటే కథ మారింది.

రాడార్‌కి ఉత్తరం ఎటో తెలీదు. బోటు ముక్కుకి ఇన్ని డిగ్రీలు కుడిన ఒకటుంది, ఇంత దూరంలో ఉంది, అంతే చెప్పగలదు. మ్యాపుకేమో ఉత్తరం కావాలి. కాబట్టి మరకల్ని మ్యాపు మీద సరిగ్గా పరచాలంటే బోటు ముక్కు ఎటుందో ప్రతి క్షణం తెలియాలి. జీపీఎస్ అది చెప్పదా అంటే, చెప్పదు. జీపీఎస్ చెప్పేది బోటు ఎటు *వెళ్తోందో*, ఎటు *చూస్తోందో* కాదు. రోడ్డు మీద కారుకి ఈ రెండూ ఒకటే. నీళ్ల మీద కాదు. గోదావరి దాటే పడవ ముక్కు ఎటుంటుందో, అది ఏ రేవుకి చేరుతుందో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

మన తీరం వెంట ఈ తేడా చిన్నది కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నీటి ప్రవాహం ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి గట్టిగా ఉంటుంది. వల లాగే బోటు స్పీడు రెండున్నర నాట్లు అనుకోండి. అడ్డంగా ఒకటిన్నర నాట్ల ప్రవాహం తోస్తే బోటు చూసే వైపుకీ, వెళ్లే వైపుకీ 31 డిగ్రీలు తేడా వస్తుంది. మూడు నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న ఓడ మ్యాపు మీద తన అసలు చోటుకి మైలున్నర పక్కన కనిపిస్తుంది. ఇక వల ఎత్తడానికి బోటు ఆపేస్తే జీపీఎస్ దిశకి అర్థమే ఉండదు, బొమ్మంతా గిరగిరా తిరుగుతుంది. అంటే స్పీడుగా పోయేటప్పుడు బాగానే కుదురుతుంది, నవంబర్ రాత్రి లాంటప్పుడు సరిగ్గా అబద్ధం చెబుతుంది.

దీనికి మందు హెడింగ్ సెన్సార్, అంటే ఎలక్ట్రానిక్ దిక్సూచి. కొటేషన్‌లో అది లేదు! ఫోన్ చేసి అడిగితే "జీపీఎస్‌తో నడిచిపోద్ది సార్" అన్నారు. అది వేరేగా కొనాలి, వించికీ ఇంజనుకీ ఇనుముకీ దూరంగా బిగించాలి, సముద్రంలో బోటుని గుండ్రంగా తిప్పి సరిచేసుకోవాలి. ఇనుము గొడవ లేని శాటిలైట్ కంపాస్ కూడా ఉంది, దాని ధర మావయ్యకి నేను చెప్పలేదు.

మరుసటి రోజు హార్బర్‌కి వెళ్లా. ఇవన్నీ డ్రైవర్ బాబాయ్‌కి కాగితం మీద బొమ్మలేసి చెప్తే, ఆయన బీడీ ఆర్పి ఒకటే అడిగాడు: "ముక్కు ఎప్పుడూ పైకే ఉండేలా సూపించదా బాబూ? ఎడమేపు మరకుంటే నేను ఎడమేపు సూస్తాను. మేపు నాకెందుకు, ఈ నీళ్లు నాకు తెల్దా?" ఆయన అడిగింది రాడార్ పుట్టినప్పటినుంచీ ఉన్న 'హెడ్-అప్' చూపు. దానికి దిక్సూచి అక్కర్లేదు, రాడార్‌కి తన సొంత స్క్రీను ఉంటే చాలు. నేను రాత్రంతా చదివి కనిపెట్టిన సమస్య ఆయన అడిగే పద్ధతిలో అసలు లేనే లేదు.

నిజానికి రాడార్ అనే ఆలోచనే ఓడలు గుద్దుకోకుండా పుట్టింది. 1904లో జర్మనీలో క్రిస్టియన్ హ్యూల్స్‌మేయర్ అనే ఆయన రేడియో తరంగాలతో దూరపు ఓడని పసిగట్టే యంత్రం చేసి చూపించాడు, అప్పుడు ఎవరూ కొనలేదు. మరి 1956 జూలై 25 రాత్రి ఆండ్రియా డోరియా, స్టాక్‌హోం అనే రెండు పెద్ద ఓడలు అమెరికా తీరం దగ్గర ఢీకొన్నప్పుడు, రెండింట్లోనూ రాడార్ పనిచేస్తోంది. ఒకదానికొకటి కనిపిస్తూనే ఉన్నాయి. స్క్రీను చూసి చెరోలా అర్థం చేసుకున్నారు. అరకొర సమాచారంతో, ముఖ్యంగా అరకొర రాడార్ సమాచారంతో, ఒక నిర్ణయానికి రావద్దని అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో ఏడో నిబంధన ప్రత్యేకంగా చెబుతుంది.

ఇంకో లెక్క కూడా వేశాం. 15 నాట్ల స్పీడుతో వచ్చే ఓడకి మూడు మైళ్లు 12 నిమిషాలు. వల ఎత్తడానికి అంతకన్నా ఎక్కువే కావాలి. కాబట్టి పెద్ద ఓడల్ని ఇంకా దూరం నుంచే పట్టుకోవాలి. దానికి ఏఐఎస్ ఉంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలన్నీ తమ పేరు, స్పీడు, దిశ రేడియోలో చెబుతూ ఉండాలి. ఆ మాటలు వినే రిసీవర్ ఉన్న వీహెచ్‌ఎఫ్ రేడియో రాడార్‌తో పోలిస్తే చాలా చవక. ముక్కు ఎటుందన్న గొడవ కూడా లేదు, ఓడే తన చోటు చెబుతుంది కాబట్టి. మావయ్యకి ఇది వెంటనే నచ్చింది. "అయితే రాడారే వద్దు, ఇదొక్కటి కొనేద్దాం" అన్నాడు.

అక్కడ నేను ఒప్పుకోలేదు. పూడిమడకలో నాతో చదువుకున్నవాళ్లు ముగ్గురు ఫైబర్ తెప్పల మీద వేటకెళ్తారు. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా వాళ్లకే వదిలిపెట్టిన నీళ్లు, మరబోట్లు దాన్ని దాటి వెళ్లి వేటాడాలి. ఆ దాటేటప్పుడే భయం. తెప్పలో ఉండేది ఒక టార్చిలైటు. మావయ్య ఓడని చూసి భయపడినట్టే వాళ్లు మావయ్య బోటుని చూసి భయపడతారు. అలాంటి తెప్పలకి ఏఐఎస్ ఉండదు. రాడార్‌లో కూడా ఫైబర్ సరిగా కనపడదు, నీళ్లకి ఆనుకుని ఉంటుంది. అల లేచినప్పుడు అలలూ మరకలుగానే పడతాయి. ఆ మరకలు చిరాకేసి బటన్ తిప్పి తుడిచేస్తే వాటితో పాటు తెప్ప కూడా పోతుంది. రంగుల మ్యాపు మీద అలా తుడిచిన చోటు శుభ్రంగా, ఖాళీగా, ఎవరూ లేనట్టే ఉంటుంది. నల్ల స్క్రీను మీద కొంచెం గందరగోళం ఉండడమే నయం అనిపించింది నాకు. ఇది నా అభిప్రాయం, కంపెనీ వాళ్లు ఒప్పుకోరు.

రాత్రి భోజనాల దగ్గర అత్త ఇవన్నీ విని, చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది: "అది బిగిస్తే అలారం కొడతాదంటన్నారు కదా. మరప్పుడు కాపలా ఉండేవోడు మేలుకుంటాడా, తొంగుంటాడా?"

మావయ్య పులుసు కలుపుకుంటూ ఉండిపోయాడు. నేనూ జవాబు చెప్పలేదు.

చివరికి ఓవర్‌లే వద్దనుకున్నాం. పాత జీపీఎస్ అలాగే ఉంటుంది. పక్కన సొంత స్క్రీను ఉన్న చిన్న రాడార్, పైన ఏఐఎస్ వినే రేడియో. మొత్తం రెండున్నర లక్షల్లోపే తేలింది, రెండు గాజులు వెనక్కొచ్చాయి. రాడార్ బుడ్డి ఎంత ఎత్తున పెట్టాలన్న దాని మీద ఇంకా తగువు నడుస్తోంది. ఐదు మీటర్ల ఎత్తునుంటే దాని చూపు సుమారు ఐదు మైళ్లకి సముద్రాన్ని తాకుతుంది. ఎత్తు పెంచితే దూరం పెరుగుతుంది, బోటు ఊపూ పెరుగుతుంది. వెల్డింగ్ అతను జూన్ మొదటి వారంలో వస్తానన్నాడు. డ్రైవర్ బాబాయ్ మాత్రం స్క్రీను కిటికీ పక్కనే పెట్టాలని, తల తిప్పితే చాలు బయట కనపడాలని పట్టుబట్టాడు. అక్కడే పెడుతున్నారు.