ఎత్తుబండి, పొడుగుబండి

అనువాదకులకు జీవితమంతా వెంటాడే పొరపాటు ఒకటైనా ఉంటుంది. నాది ఇరవై ఏళ్ళ నాటిది. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, కొత్తగా అనువాదాలు చేస్తున్న రోజులవి. ఒక ఆంగ్ల నవలలో డాక్టరుగారు తన ఎస్టేటును వీధిలో వదిలి లోపలికి వచ్చాడని ఉన్నది. నేను నిస్సంకోచంగా, ‘డాక్టరుగారు తన జమీని వదులుకుని ఇంటికి వచ్చారు’ అని రాసి పంపాను. సంపాదకులు ఆ వాక్యం పక్కనే ఎర్రసిరాతో, ‘ఎవరికి వదులుకున్నారు?’ అని రాసి తిప్పి పంపారు.

తప్పు నాది ఒక్కదానిదే కాదు. తెలుగువారికి ఎస్టేటు అంటే జమీందారీయే. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేటుల రద్దు చట్టం చేసిన తరువాత కూడా ఆ మాట ఆ అర్థంతోనే మన నోళ్ళలో నిలిచింది. బ్రిటన్‌లో మాత్రం ఎస్టేటు కారు అంటే, కప్పు వెనుకదాకా చదునుగా సాగి, డిక్కీ కూడా కారు గదిలోనే కలిసిపోయి, వెనుక నిలువు తలుపు ఉండే పొడుగాటి కారు. పల్లెల్లోని పెద్ద ఎస్టేటుల పనులకు వాడిన బండి కనుక ఆ పేరు. రైలు స్టేషను నుంచి మనుషులనూ పెట్టెలనూ చేరవేసినందున అమెరికాలో అదే స్టేషన్ వ్యాగన్ అయింది. జర్మనులు మనుషులకూ సామానుకూ కలిపి పనికివచ్చేది కనుక కోంబి అన్నారు. ఒక్కొక్క దేశం ఆ బండిని ఏ పనికి వాడుకున్నదో ఆ పేరే పెట్టుకున్నది. మనం వాడుకోలేదు కనుక మనకు పేరు లేదు.

ఈ పాత సంగతి నాకు మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా తమ్ముడు.

అతను జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరంలో ఇంజనీరు. డెబ్భై దాటిన మా అమ్మను కొన్నాళ్ళు దగ్గర ఉంచుకోవాలని పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్ళాను. వీసా తొంభై రోజులు. మేము వెళ్ళేనాటికి అతని పాత కారు పని అయిపోయింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అమ్మ, ఇంతమందికి సరిపోయే బండి, కాస్త వాడినదే అయినా సరే, కొనాలి. అతని మనసు ఎప్పటి నుంచో వేగంగా పోయే ఎస్టేటు మీద ఉన్నది. మరదలు మాత్రం, ‘అత్తయ్యగారి మోకాళ్ళు చూశారా? ఎత్తుగా ఉండే క్రాసోవర్ అయితే ఆవిడ తేలిగ్గా ఎక్కి దిగుతారు. వేగమే కావాలంటే అందులోనూ శక్తిమంతమైనవి ఉన్నాయి’ అన్నది. ‘అక్కా, మాటకు మాట తూచడమే కదా నీ వృత్తి. ఈ రెండింటినీ కూడా తూచి చెప్పు’ అని తమ్ముడు తీర్పు నా మీదికి నెట్టాడు.

పాఠకులలో కొందరికి క్రాసోవర్ అన్న మాట కొత్త కావచ్చు. జీపులాగా ఎత్తుగా కనిపించినా, లోపలి నిర్మాణం మాత్రం కారుదే. జీపు ఎత్తునూ కారు సుఖాన్నీ కలపబోయిన మధ్యేమార్గం అది. 1994లో వచ్చిన టొయోటా ర్యావ్4ను ఆ జాతికి తొలి తరం బండిగా చెబుతారు. పందెపు కార్లకు పేరుపడిన పోర్షే సంస్థ 2002లో కయెన్ అనే ఎత్తుబండిని తెచ్చిన తరువాత, ఎత్తుగా ఉన్నది వేగంగా కూడా ఉండవచ్చునన్న నమ్మకం లోకానికి కుదిరింది.

చిత్రమేమంటే, వేగపు ఎస్టేటు కథలోనూ పోర్షే చేయి ఉన్నది. 1994లో ఆడి సంస్థ పోర్షేతో కలిసి ఆర్ఎస్2 అవాంట్ అనే ఎస్టేటును తయారుచేసింది. అయిదు సిలిండర్ల ఇంజను, 315 అశ్వశక్తి. ఆ ఏడే వోల్వో వారు బ్రిటిష్ టూరింగ్ కార్ల పందేలలోకి 850 ఎస్టేటును దింపారు. కూరగాయలు తెచ్చుకునే బండి పందెంలోకి వచ్చిందేమిటని జనం నవ్వారట. నవ్వినవారే ఆ బండిని ఇప్పటికీ జ్ఞాపకం పెట్టుకున్నారు.

ఇక తూకానికి వద్దాం. న్యాయంగా తూచాలంటే రెండు బళ్ళకూ ఒకే ఇంజను ఉండాలి. అటువంటి జంట ఒకటి నిజంగానే ఉన్నది. చెక్ దేశపు స్కోడా మన పాఠకులకు తెలిసిన పేరే. ఆ సంస్థ 2020 తరువాత తెచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ ఎస్టేటులోనూ, 2021లో సవరించిన కోడియాక్ ఆర్ఎస్ ఎత్తుబండిలోనూ ఉన్నది ఒకే రెండు లీటర్ల టర్బో ఇంజను. శక్తి రెంటికీ 245 అశ్వాలే. పొడవు రెంటికీ దాదాపు 4.7 మీటర్లే. ఎత్తుబండి ఇరవై సెంటీమీటర్లకు పైగా ఎత్తు, సుమారు రెండు వందల కిలోలు బరువు ఎక్కువ. నిలిచిన చోటు నుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడంలో తేడా లెక్కలోకి రాదు. రెండూ ఏడు సెకన్లలోపే అందుకుంటాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందడం ఎత్తుబండికి అక్కడ సాయపడుతుంది. పై వేగం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎస్టేటు 250 దాకా పోతుంది. ఎత్తుబండి 240 కూడా అందుకోదు.

కారణం గాలి. గాలి అడ్డగింత బండి ముఖవైశాల్యాన్ని బట్టీ, వేగపు వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. నూరు నుంచి నూట ముప్ఫైకి వేగం పెంచితే అడ్డగింత సుమారు డెబ్భై శాతం పెరుగుతుంది. జర్మనీ ఆటోబాన్ రోడ్ల మీద ప్రభుత్వం 1978 నుంచి సిఫారసు చేస్తున్న వేగమే 130. అంటే అక్కడ నిత్యం తిరిగేవాడు ప్రతి ప్రయాణంలోనూ ఎత్తుకు పెట్రోలు రూపంలో కప్పం చెల్లిస్తాడన్నమాట.

రెండవది మలుపు. బండి మలుపు తిరిగేటప్పుడు బరువు బయటివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే ఒరుగుడు అంత ఎక్కువ. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవారు, అడవిమృగం అడ్డువస్తే తప్పించుకున్నట్లుగా బండిని అటూ ఇటూ తిప్పే పరీక్ష పెట్టినప్పుడు, పొట్టిగా, ఎత్తుగా ఉన్న మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తాపడింది. ఆ సంస్థ బళ్ళను వెనక్కి పిలిచి, జారుడును అదుపుచేసే ఎలక్ట్రానిక్ సాధనాన్ని అన్నింటికీ అమర్చింది. ఈనాటి ఎత్తుబళ్ళలో అటువంటి సాధనాలు మామూలే కనుక, అవి బోల్తాపడతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎత్తును అదుపుచేయడానికి ఖర్చు పెట్టవలసి ఉంటుందని మాత్రమే చెబుతున్నాను. ఆ ఖర్చు ఎంతో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పందెపు దారి లెక్కగట్టి చూపింది. 2022లో బిఎండబ్ల్యు ఎం3 టూరింగ్ అనే 510 అశ్వశక్తి ఎస్టేటు ఆ దారిని 7 నిమిషాల 35 సెకన్లలో చుట్టివచ్చింది. రెండేళ్ళ తరువాత ఆడి ఆర్ఎస్ క్యూ8 అనే భారీ ఎత్తుబండి 640 అశ్వశక్తితో వచ్చి కూడా ఒక సెకనుకు పైగా వెనుకబడింది. 130 గుర్రాలను అదనంగా కట్టినా ఆ ఎత్తూ బరువూ పూర్తిగా తీరలేదు.

ఎత్తుబండి పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. సామాను చోటు చాలా జంటలలో దానిదే కొంత ఎక్కువ. కొన్నింటిలో మూడో వరుస సీట్లూ ఉంటాయి. దారి దూరంగా కనిపిస్తుంది. మంచు పడిన దారిలో, మట్టిదారిలో నేలకు తగలదు. పెట్టెలు లోపలికి ఎత్తడానికి మాత్రం ఎస్టేటే మేలు. దాని వెనుక గడప తక్కువ ఎత్తున ఉంటుంది.

ఇవన్నీ కాగితం మీద రాసి తమ్ముడి చేతికిచ్చాను. అతను చదివి, ‘అమ్మ మోకాలు ఏ వరుసలోనూ లేదే!’ అన్నాడు. నిజమే. మేము వాదిస్తున్నది దేని గురించో దాన్నే నేను తూచలేదు.

ఆ శనివారం అందరం బళ్ళ అంగడికి వెళ్ళాము. తమ్ముడు ఎంచుకున్న రెండు బళ్ళూ పక్కపక్కనే నిలిపి ఉన్నాయి. అవి ఏ సంస్థవో ఇక్కడ అప్రస్తుతం. అమ్మ ముందుగా ఎత్తుబండి దగ్గరికి వెళ్ళింది. ఆమె పొట్టి మనిషి, కట్టినది చీర. అది మాలో ఎవరమూ ఆలోచించలేదు. ఎక్కడానికి కాలు ఎత్తవలసి వచ్చింది, చీరకుచ్చెళ్ళు అడ్డుపడ్డాయి. మరదలు చేయి అందిస్తే ఎక్కింది. దిగడం మాత్రం తేలిక, జారి నిలబడింది. తరువాత ఎస్టేటు. అందులో కూర్చోవడం తేలిక, వెనక్కి వాలితే చాలు. లేవడం దగ్గర మోకాలు మొరాయించింది. తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచింది. లేచి, ‘ఇదేమో పొడుగుబండి, అదేమో ఎత్తుబండి. ఒకటి ఎక్కనివ్వదు, ఒకటి దిగనివ్వదు’ అని నవ్వింది. ఇరవై ఏళ్ళుగా నాకు దొరకని తెలుగు మాటలు ఆమె నిలుచున్న చోటనే పుట్టించింది.

ఆ తరువాత ఒక్కొక్క బండిలో గంటసేపు తిరిగాము. స్టుట్‌గార్ట్ కొండల నడుమ గిన్నెలాంటి పల్లంలో ఉన్న ఊరు. ఏ దిక్కుకు పోయినా మెలికల దారిలో పైకి ఎక్కవలసిందే. ఎత్తుబండి వెనుక సీటులో అమ్మ నాలుగు మలుపులు తిరిగేసరికి మాట మానేసింది. అయిదోదానికి కళ్ళు మూసుకుని పై పట్టీని పట్టుకున్నది. ఘాటురోడ్డు మీద బస్సులో ఆమెకు ఎప్పుడూ ఉండే వికారమే. మనిషి తల ఎంత ఎత్తున ఉంటే ఊగే దూరం అంత ఎక్కువ. అదే దారిలో పొడుగుబండిలో ఆమె కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ, వాటి ధర ఎకరం ఎంత ఉంటుందని అడిగింది.

అప్పుడు నాకు తోచిన సంగతే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది. ఏ వస్తువును ఎంచుకునేటప్పుడైనా లోపాలను రెండు కుప్పలుగా పోయాలి. బయటి నుంచి సర్దుకోగలిగినవి ఒక కుప్ప. ఆ వస్తువు ఒంట్లోనే ఉండి, ఎన్నటికీ సర్దుకోలేనివి రెండో కుప్ప. సీటు పల్లంగా ఉంటే దాని మీద గట్టి దిండు వేయవచ్చు. బండి ఎత్తుగా ఉంటే ఆ ఎత్తును కోసి పారేయలేము. మోకాళ్ళ నొప్పులవారి కోసం తిరిగే గుండ్రని దిండు ఒకటీ, తలుపు కొక్కేనికి తగిలించుకుని లేచే చేతికర్ర ఒకటీ అక్కడి దుకాణాలలో దొరుకుతాయి. వాటి ధర ఆ బండి నాలుగు చక్రాలలో ఒక్క టైరు ఖరీదు కూడా కాదు. పెళ్ళిపీటల మీద కూర్చోలేని పెద్దమనిషికి కుర్చీ వేస్తాము గాని, పందిరి మార్చము కదా!

అయితే ఇదే సూత్రం మన దేశానికి వస్తే తీర్పు తారుమారు కావచ్చునని కూడా ఒప్పుకోవాలి. మన దారిలోని గుంతా, ఎవరికి తోచినంత ఎత్తున వారు వేసిన స్పీడు బ్రేకరూ, వానాకాలపు నీరూ బండి అడుగును తాకుతాయి. బండికీ నేలకూ మధ్య ఎడాన్ని ఏ దిండూ పెంచలేదు. ఇక్కడ తక్కువ ఎత్తే సర్దుకోలేని లోపం. 1992లో టాటా ఎస్టేట్, 2004లో ఇండిగో మెరీనా వచ్చి, ఎక్కువ కాలం నిలవకుండానే వెళ్ళిపోయాయి. మనవారు ఎత్తుబళ్ళను మెచ్చడం కేవలం దర్పం కోసమేనని కొట్టిపారేయడం న్యాయం కాదు. జర్మనీలో ఉన్నవాడు మన రోడ్డును మనసులో పెట్టుకుని బండి కొనడమూ, ఇక్కడున్నవాడు ఆటోబాన్‌ను కలగంటూ కొనడమూ మాత్రం పొరపాటే.

తమ్ముడు పొడుగుబండే కొన్నాడు. మొదటి నుంచీ అతని మనసు దాని మీదనే ఉన్నదనీ, నా తూకం అతని కోరికకు సాక్ష్యం చెప్పిందే గాని తీర్పు కాదేమోననీ నాకు కొంచెం అనుమానం లేకపోలేదు. ఆ మాటే అమ్మతో అన్నాను. ‘పోనీలే, వాడి ఇష్టమూ నా మోకాలూ ఒకే బండిలో పట్టాయి. అంతకంటే ఏం కావాలి?’ అన్నది. దిండు వేసిన తరువాత ఆమె ఎవరి చేయీ అందుకోకుండా లేచేది. మూడు నెలల్లో చాలా ఊళ్ళు తిరిగింది.

తొంభయ్యో రోజున ఇద్దరి పెట్టెలూ అందులోనే సర్ది విమానాశ్రయానికి తెచ్చాడు. ఇక్కడికి వచ్చిన వారానికి అమ్మ ఫోనులో అన్నింటికంటే ముందు అడిగినది ఒక్కటే.

‘నా సీటు మీది దిండు తీసేశావురా?’

అటువైపు నుంచి జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది.

‘లేదమ్మా. అలాగే ఉంది.’